వెనక నుంచి పిలిచాను

4 ఆగస్టు 2005, గురువారం. అనకాపల్లి

ఈ డైరీ బెల్లం కొట్టు షావుకారు బావకి ఇచ్చాడు. ఆగస్టు నెలలో డైరీ ఇవ్వడం ఏమిటో. బావ తెచ్చి గూట్లో పెట్టాడు, నేను తీసుకున్నాను. ఏడు నెలల కాగితాలు ఖాళీగా పోయాయి. పోతే పోయాయి, ఆ ఏడు నెలల్లో రాయదగ్గది ఏం జరిగింది గనక.

అబద్ధం. జరిగింది. అది రాయను.

రాసేది ఇంతే. ఏప్రిల్ మూడో తారీకు నుంచి బావ సముద్రంలోకి వెళ్ళలేదు. ఆ రోజు ఒడ్డు కనబడుతుండగానే కెరటం తెప్పని తిరగేసింది. బావ ఒక దుంగ పట్టుకుని రెండు గంటలు నీళ్ళలో ఉన్నాడు. తోడు వెళ్ళిన పరదేశి మావకి కాలు రెండు చోట్ల విరిగింది, ఇప్పటికీ కర్ర లేకుండా నడవలేడు. వేట మనిషి వేట మానేశాక పేటలో ఏ మొహంతో తిరుగుతాడు. అందుకని నక్కపల్లి దగ్గర మా ఊరు వదిలి ఇక్కడికొచ్చి ఒక గది తీసుకున్నాం. వల తప్ప వేరే బరువు ఎరగని మనిషి బెల్లం దిమ్మలు మోస్తున్నాడు. నేను ఊరి నుంచి ఎండు చేపలు తెప్పించి అమ్ముతున్నాను. ఈ వీధిలో మాది వాసన గది. అనుకోనీ.

బావ కొట్టడు, తిట్టడు. మాట్లాడడు, అంతే. నాలుగు నెలలైంది. అమ్మ కబురు పంపింది, పద్నాలుగో తారీకు ఆదివారం వస్తాను, సంచి సర్దుకుని ఉండు, గోడతో ఎన్నాళ్ళు కాపరం చేస్తావు అని. సరే అన్నాను. సంచి సర్దేశాను కూడా. నాకేం బాధ లేదు.

6 ఆగస్టు, శనివారం

ఇవాళ బావ నాతో అన్న మాటలు: ‘ఉప్పు’. ‘తలుపెయ్యి’. మొత్తం రెండు. నిన్నటి కంటే ఒకటి ఎక్కువ.

8 ఆగస్టు, సోమవారం

వ్యాను డ్రైవర్ బాబ్జి వచ్చాడు. బుధవారం కొండ మీద పెద్ద సంత ఉందట. వానల్లో అక్కడ ఎండు చేప కరువు, పట్టుకెళ్తే ఒక్క మూట మిగలదు అన్నాడు. మూటలెత్తే మనిషి జ్వరంతో పడ్డాడని బావని రమ్మన్నాడు.

“రా మావా. కొండల్లో సముద్రం ఉండదులే” అని నవ్వాడు. తెలిసి అన్నాడో తెలియక అన్నాడో. వాడి పళ్ళు రాలగొడదామనిపించింది.

బావ “మూటలెత్తాల, అంతే గదా” అన్నాడు.

నేనూ వెళ్తున్నాను. బావని బేరానికి పెడితే ఎవరేం అడిగినా ఊరికే ఇచ్చేస్తాడు, అందుకని. అంతకు మించి కారణం లేదు. ఆదివారానికల్లా వచ్చేస్తాం, అమ్మతో వెళ్ళిపోతాను.

9 ఆగస్టు, మంగళవారం. పాలగెడ్డ

చోడవరం దాటేదాకా ఎండ. రోలుగుంట దగ్గర చినుకు మొదలైంది. ఘాటీ ఎక్కాక ఇక వాన కాదు, ఎవరో పైనుంచి ఆపకుండా పోస్తున్నారు. బాబ్జి ఆగి మూటల మీద ఇంకో టార్పాలిన్ కప్పాడు. ఎండు చేప తడిసిందంటే రెండు రోజుల్లో పురుగు పడుతుంది.

ముందు సీట్లో ముగ్గురం. బావ మధ్యలో. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన భుజం నాకు తగిలేది, మలుపు అయ్యాక జరిగిపోయేవాడు. ఇరవై దాకా లెక్కపెట్టి మానేశాను.

పైన కొండచరియ జారి రోడ్డు మూసుకుపోయిందని పోలీసు మమ్మల్ని ఇక్కడ ఆపేశాడు. సంత ఇంకా చాలా దూరం. ఈ ఊరు చిన్నది. ఒక వీధి, రెండు టీ హోటళ్ళు, డ్యామ్ వాళ్ళ క్వార్టర్లు. వీధి చివర నీళ్ళు. చెరువనుకున్నాను గానీ కాదు, డ్యామ్ కట్టాక కొండల మధ్య నిలిచిపోయిన నీళ్ళు, వానలో అవతలి ఒడ్డు సగమే కనబడుతోంది.

నాకు ఏడుపొచ్చింది. ఊరొదిలాక అంత నీరు ఒక్కచోట చూడటం ఇదే. ఉప్పు వాసన లేదు, హోరు లేదు, అయినా నీళ్ళే కదా.

బావ టీ హోటల్లో బల్ల తిప్పుకుని గోడ వైపు కూర్చున్నాడు.

10 ఆగస్టు, బుధవారం

వెనక రోడ్డు కూడా పోయింది. కింద కల్వర్టు కొట్టుకుపోయిందట. ఎస్టీడీ బూత్‌లో ఫోను చచ్చింది, అమ్మకి చెప్పే దారి లేదు.

రాత్రి వ్యానులోనే పడుకున్నాం. పొద్దున్న బాలన్న అని ఒక ముసలాయన ఎండు చేప వాసన పట్టుకుని వచ్చాడు. నీళ్ళ ఒడ్డున ఆయన ఇల్లు, పెద్ద అరుగు ఉంది, మూటలు అక్కడ దింపుకోమన్నాడు. కొండ మనిషి. పొలం నీళ్ళకి అవతల కొండ వాలు మీద ఉంది. చోళ్ళు, పసుపు వేశాడు. అడవి పందులు తవ్వేస్తాయని ఆయన భార్య బుల్లమ్మ ఆ పొలంలోనే పాక వేసుకుని కాపలా ఉంటుంది. ఈయన రోజూ దోనెలో వెళ్ళి అంబలి ఇచ్చి వస్తాడు. దోనె అంటే ఒకే మాను తొలిచి చేసిన పడవ. ఇద్దరు కూర్చుంటే మూడోవాడికి చోటు లేదు.

మేం సముద్రం మనుషులమని తెలిశాక ముసలాయన బావని వదల్లేదు.

“సముద్రానికి అవతలొడ్డు నేదంట గదా బాబు, నిజమేనా?”

“నేదు” అన్నాడు బావ.

“మరెటెల్తారు?”

“ఎటెల్తాం తాతా. ఎల్లినోళ్ళం ఎనక్కొత్తాం.”

నాలుగు నెలల్లో బావ నోట నేను విన్న పొడుగు మాట అదే. నాతో కాదు, సరే.

వాన పడుతూనే ఉంది. పనేం లేదు. రాయనన్నది రాస్తాను.

మా పేటలో వేటకి బయల్దేరిన మగాణ్ణి వెనక నుంచి పిలవరు. అన్నం డబ్బా మర్చిపోయినా పిలవరు. పిల్లకి జ్వరం కాస్తున్నా పిలవరు. తెప్ప నీళ్ళు తాకాక ఒడ్డున ఆడది నోరు తెరవకూడదు. నేను పుట్టిందీ అలాంటి పేటలోనే, నాకు తెలియనిది కాదు. ఆ రోజు పొద్దున్న నా కుడి చెంపకి గాలి తగిలింది. అంతవరకు పడమర నుంచి వీస్తున్నది ఒక్కసారిగా దక్షిణానికి తిరిగింది. బావ నడుంలోతు నీళ్ళలో ఉన్నాడు, తెప్ప మీద చేతులు వేసి. ‘బావా’ అని పిలిచేశాను. అంతే, ఒక్క మాట. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళందరూ నా వైపు తిరిగారు. బావ తిరగలేదు. తెప్ప వెళ్ళిపోయింది. ఆ తర్వాత జరిగింది రాశాను కదా.

పరదేశి మావని మంచం మీద మోసుకొస్తుంటే ఆయన భార్య కనకమహాలక్ష్మి అత్త నన్ను చూపించి “ఎనకనుండి పిలిసీసింది. అందరం ఇన్నాం” అంది. ఆ రోజు నుంచి కుళాయి దగ్గర నా బిందె ముందు నిల్చున్నవాళ్ళు లేరు, వెనక నిల్చున్నవాళ్ళూ లేరు.

బావ ఒక్క మాట అనలేదు. అనలేదంటే ఆయనా అదే అనుకుంటున్నాడు. గాలి తిరిగిన మాట నిజం. నేను పిలిచిన మాట నిజం. ఆ కాలు విరిగిన మాట కూడా నిజమే. ఏది దేనివల్ల జరిగిందో నాకు తెలీదు, తెలిసినట్టు ఉండాలని మాత్రం ఉంది.

11 ఆగస్టు, గురువారం

మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చింది. బాలన్న తాత అవతల నుంచి వణుకుతూ వచ్చాడు, ఒళ్ళు కాలిపోతోంది. బుల్లమ్మ పాక వెనక గెడ్డ, అదే కొండ వాగు, పొంగిందట, రేపు పొద్దున్నే ఆమెని తీసుకొచ్చేయాలి అన్నాడు. దోనె లాగే ఓపిక లేక అలాగే కూర్చుండిపోయాడు. బావ చూసి చూసి లేచాడు. పాదం తడవకుండా గట్టు మీదే నిల్చుని, దోనె ముక్కు పట్టుకుని పైకి లాగాడు.

“కట్టేవా బాబు?” అన్నాడు తాత.

“అక్కర్నేదు తాతా. నీరు దిగతంది. ఆ తడి గీత సూడు.”

నేనూ చూశాను. నీళ్ళకి జానెడు పైన గట్టు మీద తడి గీత ఉంది. ఆటు మొదలైంది అన్నమాట. బావ నా వైపు చూశాడు, నేను తలూపాను. ఒక విషయంలోనైనా మా ఇద్దరికీ మాట కలిసింది.

12 ఆగస్టు, శుక్రవారం

పొద్దున్న దోనె లేదు. నిన్న దాన్ని పెట్టిన చోటు కూడా లేదు. అక్కడ మోకాలి లోతు నీళ్ళున్నాయి.

తాత కోప్పడితే బాగుండేది, కోప్పడలేదు. “ఇది సముద్రం కాదు బాబు. ఇక్కడ ఎక్కిన నీరు గేటెత్తితేనే దిగతాది. ఆ తడి గీత గాలికి అల కొట్టింది” అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక మేం చూసింది ఒకటే, పైకొచ్చిన నీరు పూట తిరిగేసరికి వెనక్కి పోతుంది. వెనక్కి పోని నీళ్ళు ఉంటాయని మా ఇద్దరికీ తోచలేదు. కొండవాళ్ళ పిల్లల్ని అడిగినా చెప్పేవారు.

దోనె కనబడుతోంది. నీళ్ళ మధ్య మునిగిన చెట్టు ఒకటి ఉంది, దాని కొమ్మల్లో ఇరుక్కుంది. మా ఊరి లెక్కలో దూరమే కాదు. అవతల గట్టున బుల్లమ్మ ఎర్ర గుడ్డ ఊపుతోంది. పాక పడిపోయిందో ఏమో, పొద్దుట్నుంచి ఒడ్డునే నిల్చుంది. వెనక గెడ్డ, ముందు ఈ నీళ్ళు. డ్యామ్ వాళ్ళ ఇంజను పడవ పై చివరకి వెళ్ళిందట, ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్ళు లేరు. తాత తలపాగా విప్పి నడుముకి కట్టుకుంటున్నాడు, ఆ జ్వరంతో తనే ఈదుతాడట. బాబ్జికి ఈత రాదు.

నాకొచ్చు. కొంగు దోపుకుని దిగాను. మోకాళ్ళ దాకా దిగానో లేదో వెనక నుంచి చెయ్యి పట్టుకుని ఆపాడు బావ. నాలుగు నెలల తర్వాత నన్ను ముట్టుకోవడం అదే. పాదాలు నీళ్ళలో ఉన్నాయి ఆయనవి, తనకి తెలిసిందో లేదో.

“నువ్వొద్దు.”

“మరెవరెల్తారు?”

బావ చొక్కా విప్పి, మడిచి, రాయి మీద పెట్టాడు. విప్పి మళ్ళీ మడిచాడు, బాబ్జి కూడా చూశాడు, ఈసారి నవ్వలేదు. బావ వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుని కళ్ళకద్దుకున్నాడు, మా వాళ్ళందరూ చేసినట్టే. ఒక చుక్క నోట్లో వేసుకున్నాడు. “ఉప్పు నేదు” అన్నాడు నెమ్మదిగా. ఆ తర్వాత మునిగాడు.

ఆయన తల పైకి వచ్చేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. వచ్చింది. ఇక అక్కణ్ణుంచి నాకు తెలిసిన ఈతే. చెట్టు దగ్గర కాసేపు కనబడలేదు, నేను చీర కుచ్చిళ్ళు పిండుతూ నిల్చున్నాను. పిండుతున్న సంగతి తర్వాత బాబ్జి చెప్పాడు. దోనె కొమ్మల్లోంచి బయటికొచ్చింది, దాని వెనక బావ.

ఒడ్డుకి తెచ్చి నీళ్ళు తోడేశాడు. తాత తెడ్డు ఇచ్చాడు. బావ ఎక్కి కూర్చుని తోసుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు చూశాను, బుల్లమ్మ కోసం నేను కట్టిన అంబలి డబ్బా, పొడి దుప్పటి నా చేతిలోనే ఉన్నాయి. దోనె ఇంకా నాలుగు బారల దూరంలోనే ఉంది. నోరు తెరిచాను. మూసేశాను. డబ్బా, దుప్పటి నెత్తిన పెట్టుకుని నీళ్ళలోకి నడిచాను, నడుం దాటి, గుండెల దాకా. దోనె అంచు పట్టుకున్నాను.

బావ అదిరిపడ్డాడు. “పిలవొచ్చు గదే.”

“పిలవను. ఒకపాలి పిలిసింది సాలు.”

తెడ్డు ఆపేశాడు. నా వైపు కాదు, డబ్బా వైపు చూస్తూ మాట్లాడాడు.

“ఉమా. ఆ రోజు నేనిన్నాను.”

“అందరూ ఇన్నారు.”

“అది కాదు. పరదేశి మావా ఇన్నాడు. ఆగరా, పిల్ల ఊరికే పిలవదు, గాలి సూడు అన్నాడు. నేనే ఆగలేదు. ఆడోలు పిలిత్తే ఆగిపోతామేటి, పద మావా అన్నాను. తెప్ప తోసింది నేను. ఆ కాలు నేనిరగ్గొట్టేను, నువ్వు కాదు.”

నెత్తిన దుప్పటి జారుతుంటే సర్దుకున్నాను.

“అందరూ నిన్నంటంటే ఇని ఊరుకున్నాను. మొదటి రోజు సెప్పలేదు. రెండో రోజు సెప్పడం ఇంకా కట్టమైపోనాది. ఆ తరవాత నీ మొగం సూత్తే మాటే రాలేదు.”

“మరి పరదేశి మావెందుకు సెప్పలేదు?”

“నేను సెప్తానని సూత్తన్నాడు.”

నాకు ముందొచ్చింది కోపం. నిజం రాస్తున్నాను. డబ్బా ఆయన నెత్తిన కొట్టాలనిపించింది. ఊరొదిలేదాకా ఒంటరి బిందెతో కుళాయికి వెళ్ళొచ్చాను. నా గొంతు నాకే పాపిష్టి గొంతు అనిపించి వంటింట్లో పాట మానేశాను. ఈ మనిషికి అంతా తెలుసు. ఆ కోపం వెనకే ఇంకొకటి వచ్చింది, మెడ మీద నుంచి మూట దించినట్టు. రెండూ కలిసి వచ్చాయి.

“ముందా ముసలమ్మని తీసుకురా. తరవాత సెప్తాను నీ పని” అన్నాను.

బావ నవ్వాడు. పూర్తిగా కాదు, మూతి ఒక పక్కకి పోయింది. నాకది చాలు, కానీ చాలని ఆయనకి చెప్పలేదు.

బుల్లమ్మ దోనె దిగుతూనే ముందు మొగుణ్ణి తిట్టింది, జ్వరంతో ఎందుకు తిరిగావని. తర్వాత బావ వైపు తిరిగి “దోనె కట్టకుండా ఒగ్గేసినోడివి నువ్వేనా” అంది. అవునన్నాడు బావ. “ఒప్పుకున్నావు, మంచోడివే” అని అరుగు మీద కూర్చుని, ఎండు నెత్తళ్ళ కూరతో రెండు సార్లు అన్నం పెట్టించుకుంది. సాయంత్రం బావ దోనెని కట్టాడు. రెండు ముళ్ళు చాలు, ఐదు వేశాడు.

13 ఆగస్టు, శనివారం

రోడ్డు బాగుచేస్తున్నారు. సంత దాకా వెళ్ళక్కర్లేకపోయింది, బాలన్న అరుగు మీదే మూటలన్నీ అయిపోయాయి. ఇవాళ బావ నాతో అన్న మాటలు లెక్కపెట్టలేదు. అరిచాను, విన్నాడు. మళ్ళీ అరిచాను, మళ్ళీ విన్నాడు. ఇంకా కొంచెం మిగిలింది.

14 ఆగస్టు, ఆదివారం. అనకాపల్లి

మలుపుల్లో భుజం తగిలింది. మలుపు అయ్యాక కూడా జరగలేదు.

సాయంత్రం గదికి చేరేసరికి అమ్మ తాళం ముందు గుమ్మంలో కూర్చుని ఉంది, పొద్దుట్నుంచీ. నన్ను చూసి “సంచేదే” అంది. నేను నోరు తెరిచేలోపు బావ ముందుకొచ్చాడు.

“అత్తా, సంచి నేను తెత్తాను. ముందు ముగ్గురం ఊరెల్దాం. పరదేశి మావింటి కాడ అందరి ముందర ఒక మాట సెప్పాల. అది ఇన్నాక నీ కూతుర్ని తీసుకెల్తానంటే తీసుకెల్లు.”

అమ్మ ఆయన్ని కిందకీ పైకీ చూసి “నోరుందేటి నీకు” అంది.

16 ఆగస్టు, మంగళవారం. ఊరు

చెప్పాడు. పరదేశి మావ మంచం పక్కన నిల్చుని, గుమ్మం దాకా జనం ఉండగా, మొదట్నుంచి చివరిదాకా చెప్పాడు. మధ్యలో ఆగాడు. నీళ్ళు తాగి మళ్ళీ చెప్పాడు.

పరదేశి మావ కర్రతో నేల మీద ఒక గీత గీసి, “తెప్ప తొయ్యడానికి నిమిషం పట్టలేదు నీకు. ఇది సెప్పడానికి నాలుగు నెల్లు పట్టిందిరా” అన్నాడు. అని చెయ్యి చాపాడు, బావ పట్టుకున్నాడు.

కనకమహాలక్ష్మి అత్త నా వైపు చూడలేదు. లేచి లోపలికెళ్ళింది. టీ తెచ్చి అందరికంటే ముందు నాకు ఇచ్చింది. తీసుకున్నాను. తీసుకోకూడదనుకున్నాను, అయినా తీసుకున్నాను.

అమ్మ రాత్రి నా సంచి తలకింద పెట్టుకుని నా పక్కన పడుకుంది.

17 ఆగస్టు, బుధవారం

బావ ఎవరిదో తెప్ప అడిగి తీసుకున్నాడు. తోడు ఇంకొకాయన. పొద్దున్న ఒడ్డున పేట ఆడవాళ్ళందరూ ఉన్నారు, అమ్మ ఉంది, కనకమహాలక్ష్మి అత్త కూడా ఉంది. నేను వెనక నిల్చున్నాను, పెదాలు బిగించుకుని.

బావ నీళ్ళు కళ్ళకద్దుకున్నాడు. నడుంలోతుకి వెళ్ళి తెప్ప మీద చేతులు వేశాడు. తొయ్యలేదు. ఆగిపోయాడు. వెనక్కి తిరగలేదు, ముందుకీ వెళ్ళలేదు. తోడు మనిషి ఏమిటన్నట్టు చూశాడు. కెరటం వచ్చి వెళ్ళింది, ఇంకోటి వచ్చి వెళ్ళింది.

భయపడ్డాడనుకున్నాను. అంతలో అర్థమైంది, నా పిలుపు కోసం ఆగాడు.

చెంప మీద గాలి చూసుకున్నాను. పడమర గాలి, మెత్తగా ఉంది, తిరిగేలా లేదు.

“బావా” అని పిలిచాను. పేటంతా వినేలా పిలిచాను. “గాలి బాగుంది. ఎల్లిరా.”

అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. తలూపి, తెప్ప తోశాడు.

మధ్యాహ్నానికి వచ్చాడు. బుట్ట అడుగున కాసిన్ని కవళ్ళ చేపలు, అంతే. అమ్మ వాటిని పులుసు పెట్టి, తిని, బస్సెక్కింది. సంచి నా దగ్గరే వదిలేసింది. విప్పి చీరలు దండెం మీద వేశాను.